అమ్మమ్మ ఒలిచిన మాట

మా అమ్మమ్మకు ఫ్రెంచి వచ్చు. నాకు ఏడో తరగతి దాకా వచ్చు. అందుకే ఆవిడ ఏం రాసినా ముందు నాతో చదివిస్తుంది. "నీకు అర్థమైతే ఇంక ఎవరికైనా అవుతుందిరా" అంటుంది. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

లేబుళ్లు అచ్చువేసే మిషన్లతో వచ్చే ఫ్రెంచి పుస్తకాలను మన మాటల్లోకి మార్చడం ఆవిడ పని. వస్తువును చేత్తో పట్టుకోనిదే దాని పేరు కాగితం మీద పెట్టదు. ఆ పంతం వల్ల మా భోజనాల బల్ల మీద గిన్నెల కంటే రోలర్లే ఎక్కువ. తాతయ్య కళ్లద్దాల పెట్టె మీద "బాగా కుదిపి వాడవలెను" అన్న లేబులు ఇప్పటికీ ఉంది.

ఒక సాయంత్రం పైవాటా అక్క ఏడుపు మొహంతో దిగివచ్చింది. ఆమె పనిచేసేచోట కొత్త మిషను ఆమెకు అప్పగించారు. లేబుళ్లు కోశాక వాటి చుట్టూ వలలా మిగిలే కాగితాన్ని మిషనే లాగెయ్యాలి. అది మాటిమాటికీ తెగిపోతోంది.

"రేపు కూడా తెగితే మళ్లీ ప్యాకింగుకే పొమ్మన్నారు పిన్నిగారూ" అంటూ ఆ పని గురించిన ఫ్రెంచి పేజీలూ, ఇంకా ఒలవని లేబుళ్ల చుట్టా బల్ల మీద పెట్టింది.

పేజీలో ఆ పనికున్న పేరు చూసి అమ్మమ్మ నిఘంటువు తిరగేసింది. "ఎషెనియాజ్. చెట్ల మీది గొంగళిపురుగులు ఏరెయ్యడమట!"

"మిషనుకు పురుగు పట్టిందన్నమాట" అన్నాడు తాతయ్య.

"మీరు వేళాకోళం ఆపి ఆ వల కొస పట్టుకోండి."

తాతయ్య నిటారుగా పైకి లాగాడు. పుటుక్కుమంది. ఇంకోసారి లాగాడు, మళ్లీ అంతే. అమ్మమ్మ ఆ కొస అందుకుని, పైకెత్తకుండా, బల్లను రాసుకుంటూ వెనక్కి మెల్లగా లాగింది. వల చెక్కుచెదరకుండా వచ్చేసింది. వెంటనే పేజీలోకి తల దూర్చింది.

"ఇదిగో, ఇది రాసినవాడూ ఇదే చెప్తున్నాడు! లాగే రోలరు కిందికి దించమంటున్నాడు."

"అయ్యో, నేను పైకి బిగించానండీ!" అంది అక్క.

అమ్మమ్మ ఆ పనికి "అంచు ఒలుపు" అని పేరు పెట్టి, ఎలా చెయ్యాలో రాసి నా చేతికిచ్చింది. చదివి ఒలిచాను. నాకూ వచ్చింది. ఇక అక్కకు ఢోకా లేదు.

మర్నాడు అక్క గుమ్మంలోంచే నవ్వుతూ వచ్చి, కిటికీలు కిటికీలుగా ఉన్న పొడవాటి కాగితపు వలను అమ్మమ్మ భుజాల మీద వేసింది.

"మిషను నాకే ఉంచేశారు పిన్నిగారూ. అంతా మీ చలవే."

"నా చలవేమిటే పిచ్చిదానా! ఈయన అన్నిసార్లు తెంపబట్టి తెలిసింది" అంది అమ్మమ్మ, తాతయ్యను ప్రేమగా చూస్తూ.

తాతయ్య దర్జాగా మీసం దువ్వుకున్నాడు. దానికి అంటుకున్న లేబులు సంగతి ఎవరమూ చెప్పలేదు.