తిరిగి చెప్పించిన సుశీలమ్మ గారు

మా ముత్తాత వీరరాఘవయ్య గారు గురజాల వైపు మూడు ఊళ్ళకు పెద్దమనిషి. తాత కోటయ్య గారు మునసబు. ఊళ్ళో తగవు వస్తే ఇరుపక్షాలూ మా అరుగు కింద నిలబడి ఆయన నోటి మాట కోసం ఎదురుచూసేవారట. ఆ ఇంటి మనవణ్ణి నేను. ఈ ఉదయం పక్క ఖాళీ స్థలంలో ఎవరో కలుపు మందు కొడుతున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి రాగానే చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది పొలం కాదు, సుశీలమ్మ గారు.

ఆమె మా ప్రాంతపు ప్రభుత్వ రేడియో కేంద్రంలో కార్యక్రమాల అధికారి. శావల్యాపురం రైతు బిడ్డ. ఆస్తి కరిగి పేరు మాత్రం మిగిలిన రోజుల్లో నేనక్కడ అనౌన్సరుగా చేరాను. నా గొంతు మీద, నా భాష మీద నాకు చాలా నమ్మకం. ఆమెకు మాత్రం ఒక నియమం ఉండేది. ఏ స్క్రిప్టయినా ఎవరి కోసం రాశామో వాళ్ళలో ఒకరికి ముందు చదివి వినిపించాలి. విన్నవాళ్ళు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అప్పుడే కాగితం మీద ఆమె సంతకం పడేది.

మొదటిసారి నన్ను మాచర్ల దగ్గర నాపరాళ్ళ గనికి తీసుకెళ్ళారు. రాతి దుమ్ము వల్ల వచ్చే జబ్బుల గురించి నేను రాసింది అన్నాల వేళ చదివాను. ఒక పెద్దాయన గిన్నె పక్కన పెట్టి, "సారు గొంతు చానా బావుందమ్మా. పెళ్ళిలో మంత్రాలు ఇన్నట్టుంది. ఏం జెప్పాడో మటుకు పైవాడికే తెలియాల" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. తిరుగు బస్సులో ఉడుకుమోత్తనంతో అడిగాను: "గనివాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి, తండాలకు వాళ్ళ భాషలో ఇంకొకటి. ఇన్నెందుకండీ? అందరికీ కలిపి మంచి తెలుగులో ఒక్కటి చేస్తే పోదా?"

"మీ ఇంట్లో పసిపిల్లకీ, పళ్ళూడిన ముసలాయనకీ ఒకటే ముద్ద పెడతారా మునసబు గారూ?" అన్నారామె. నన్ను వెక్కిరించాలనుకుంటే అలాగే పిలిచేవారు. "సరుకు అమ్ముకునే రేడియో అయితే కొనేవాళ్ళకి ఇనపడితే చాలు. మనది అందరిదీ. ఏ మూల ఒక్కళ్ళకి అందకపోయినా మనం పని జెయ్యనట్టే."

విన్నాను, కానీ ఒంటబట్టించుకోలేదు. మిరప నాటే ముందు కొట్టే కలుపు మందు గురించి ఒక పాఠం రాసినప్పుడు, దాన్ని వెల్దుర్తి దగ్గరి తండాలో చదివి రమ్మన్నారు. తండావాళ్ళు మా అరుగు దగ్గరికి రావడమే గానీ, మా ఇంటివాళ్ళు తండాలో కాలు పెట్టింది లేదు. నేను వెళ్ళలేదు. "చెప్పించావా?" అని అడిగితే "చెప్పించానండీ" అన్నాను. ఆమె సంతకం పెట్టారు.

కొన్నాళ్ళకు మంగ్లీబాయి అనే రైతు, వాడిపోయిన మిరప మొక్కలు గోనెసంచిలో కట్టుకొని బస్సెక్కి కేంద్రానికి వచ్చింది. ఏం జరిగిందని నేనే అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"నీదే గదా సారూ ఆ గొంతు. నువ్వు చెప్పినట్టే కొట్టిన. ఎకరంలో ఒక్క మొక్క తేరుకోలే."

నేను మందు కొలత హెక్టారుకు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలకు రాశాను. మా వైపు పొలం కొలిచేది ఎకరాల్లో. హెక్టారంటే ఎకరమేననుకొని ఆమె తన ఎకరానికి అంత మందూ కొట్టి, ఆ మీదట నారు నాటింది. ఒక్కసారి తిరిగి చెప్పించి ఉంటే అక్కడే దొరికిపోయేది.

పై అధికారి "సవరణ అని ఒక ముక్క చదివించండి, చాలు" అన్నారు. సుశీలమ్మ గారు ఒప్పుకోలేదు. నన్ను గదిలోకి పిలిచి, "పోయావా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను.  ఆమె ఒక తెల్ల కాగితం నా ముందుకు తోశారు.

"తప్పు అని రాయి. సవరణంటే ఎవురు ఇంటారు? నీ పేరు జెప్పు. నా పేరూ జెప్పు. నిన్ను నమ్మి సంతకం బెట్టింది నేనే గదా. ఇంకెంతమంది మందు కలిపి పెట్టుకున్నారో ఏందో. కొట్టకముందే ఇనపడాల."

మా వంశంలో ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పినట్టు నేను వినలేదు. ఆ కాగితం పట్టుకొని ముందు తండాకే వెళ్ళాను. మంగ్లీబాయి నులకమంచం వాల్చింది. నేను కింద కూర్చుని చదివాను. ఆమె తన భాషలో ఇరుగుపొరుగుకు చెప్పి, నాకోసం మళ్ళీ తెలుగులో చెప్పింది: "ఈ సారు తప్పు చెప్పిండు. ఎకరానికి అందులో సగం కూడా కొట్టొద్దు." కాగితంలో ఉన్నదాని కన్నా అదే సూటిగా ఉంది. దాన్నే, నా పేరుతో, సుశీలమ్మ గారి పేరుతో, వరుసగా మూడు రోజులు అన్ని కార్యక్రమాల ముందూ చదివాను. మొదటి రోజు గొంతు తడబడింది. మూడో రోజు తడబడలేదు.

సుశీలమ్మ గారు ఉద్యోగ విరమణ చేసేదాకా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు నేను పని నేర్పుతున్నాను. తిరిగి చెప్పించని కాగితం నా బల్ల దాటదు. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఆ రోజుల్లోనే, పాడైన పొలం దున్నించి, నీళ్ళు పెట్టి, అదును దాటకముందే మళ్ళీ నాటొచ్చని వ్యవసాయాధికారి చెప్పారు. మా తాతగారి వెండి కంచం నరసరావుపేటలో అమ్మి, మంగ్లీబాయి ఎకరానికి మిరప నారు కొన్నాను.