అర గడి తేడా

మా ఆఫీసులో అతన్ని అందరూ గడులాయన అనేవాళ్లు. పటం మీద గీతలు గీసి ఊరినంతా గడులుగా కోశారు. ఏ గడికి ఎంత వరద వస్తుందో లెక్కలు బయటినుంచి వచ్చేవి. ఒక ఇంటి అక్షాంశం, రేఖాంశం ఇస్తే అది ఎన్నో అడ్డు వరుస, ఎన్నో నిలువు వరుస గడిలో పడుతుందో చెప్పే ప్రోగ్రాం అతనిది. ఎవరైనా భోజనానికి పిలిచినా, "ముందు మీ ఇల్లు ఏ గడిలో ఉందో చూడనీ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. వాళ్ల అన్నయ్యకు మాత్రం తమ్ముడి మాటంటే వేదవాక్కు.

ఆ అన్నగారు, వదినగారు కాలువ పక్కన కుట్టు షాపు పెట్టుకుని వెనక గదిలో కాపురముండేవారు. మొన్నటి వానల్లో ఒక పొద్దున ఆయన ఫోన్ చేశాడు. నేను పక్క సీట్లోనే ఉన్నాను.

"ఒరేయ్, నీళ్లు గడప దాకా వచ్చాయిరా. మీ వదిన వెళ్లిపోదామంటోంది. మిషన్లు ఎలా వదిలేసి రాను?"

గడులాయన అంకెలు కొట్టాడు. తెర మీద పచ్చరంగు వచ్చింది.

"ఏం భయం లేదన్నయ్యా. మీ గడిలో వరదే లేదు. అవి మురుగునీళ్లయి ఉంటాయి. ఉండండి."

మధ్యాహ్నానికి గోడ కూలింది. వదిన పక్క డాబా ఎక్కి బతికింది. మిషన్లు పైకెత్తుతూ అన్నగారు లోపలే ఉండిపోయాడు.

తప్పు తర్వాత దొరికింది. లెక్కలతో పాటు వచ్చే అక్షాంశ రేఖాంశాలు గడి నడిమధ్యవి. మావాడు వాటిని గడి మూలవి అనుకున్నాడు. దాంతో పటమంతా అర గడి జరిగిపోయి, కాలువ గట్టు ఇల్లు గుట్ట మీది గడిలో కూర్చుంది. లెక్కలో గడిలో సగం కలిపితే సరిపోయేది. మా పెద్దసారు దాన్ని సరిచేయించి, పైవాళ్లకు "చిన్న సవరణ" అని రాశాడు. చిన్నదట! చేతులెలా వచ్చాయో.

వదినగారు వాళ్ల చెల్లెలింట్లో ఉంటే పలకరించడానికి నేనూ వెళ్లాను. గడులాయన మూల, మధ్య, సగం అంటూ ఏదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ చెంప పగలగొట్టినా బాగుండేది. నేలకేసి చూస్తూ మొత్తం వింది.

"అవన్నీ నాకు తెలియవు బాబూ. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి మీ అన్నయ్య నాతో ఏమన్నారో తెలుసా? 'ఇవి వరద నీళ్లు కావే, తమ్ముడు చెప్పాడు' అన్నారు."