వాగు ఒడ్డు దీపం

జగదల్‌పూర్‌లో సర్కారు కొత్తగా పెట్టిన స్టార్టప్ సెంటర్లో నేను పనిచేసేటప్పుడు, ఇనుప గని కొండ కింది ఊరి నుంచి ఒకతను వచ్చేవాడు. సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. తల్లి పుట్టిల్లు తెలుగు సరిహద్దు ఊరు ఎర్రబోరు కాబట్టి నాతో తెలుగే మాట్లాడేవాడు. ఎవరు నీళ్లిచ్చినా గ్లాసు కిటికీ వైపు ఎత్తి, వెలుతురులో చూశాకే తాగేవాడు.

“ఏంది తమ్ముడూ, ఫిల్టరు నీళ్లే గదా!” అంటే నవ్వేవాడు.

“మా వాగు నేర్పిన అలవాటు అక్కా.”

సెంటర్ ఇచ్చిన సామానుతో చిన్న మిషను చేశాడు. వాగులో గని మట్టి కలిస్తే ఒడ్డున ఎర్రదీపం వెలుగుతుంది. సర్కారువాళ్లు రాయపూర్ పిలిచి శాలువా కప్పారు. ఆ తర్వాత అతను సెంటర్‌కు రావడం మానేశాడు.

వానలు తగ్గాక వాళ్ల ఊరు వెళ్లాను. వాగు ఒడ్డున మిషను ఉంది, దీపం లేదు.

“పాడైందా?”

“లేదక్కా. నేనే పీకేసిన.”

దీపం పొద్దంతా వెలుగుతూనే ఉండేదట. ఆడవాళ్లు దాని ముందు కాసేపు నిలబడి, చివరికి ఆ నీళ్లే ముంచుకునేవారట.

“మా అమ్మ అడిగింది. ‘ఇవి తాగొద్దంటున్నవు, మరి ఏవి తాగాలె బిడ్డా?’ అని.”

అంతలో ఆ తల్లే బిందెతో వాగులోకి దిగింది. చేత్తో పైపై నీళ్లు పక్కకు తోసి ముంచుకుంది. ఒడ్డెక్కి, చెంబు నిండా పోసి నాకందించింది.

“ఎండన పడి వచ్చినవు. తాగమ్మా.”

అతను అడవి వైపు తిరిగి నిలబడ్డాడు. నేను తాగాను.