ఆసుపత్రి గేటు ముందు ఆవ రొట్టె

2024 ఫిబ్రవరి 22, గురువారం, సాయంత్రం నాలుగు గంటల ముప్పై ఐదు నిమిషాలకు, శ్రీకాకుళంలో ఒక పెద్ద ఆసుపత్రి గేటుకు ఎదురుగా, చక్రాల కింద రాళ్ళు పెట్టి మా బండిని నిలిపాము. ఆకాశంలో మబ్బు లేదు. తూర్పు నుంచి సముద్రపు గాలి వీస్తోంది. స్టవ్వు మంట ఆరిపోయేంత కాదు, గొడుగు అంచు కదిలేంత. నా భార్య కొబ్బరికాయ కొట్టింది. అది సరిగ్గా రెండు చెక్కలయింది. ఆమె దానిని శుభసూచకమన్నది. నేను గడియారం చూసుకున్నాను.

బండి ముగ్గురం కలిసి పెట్టినదే అయినా నిజానికి అది మా బావమరిదిది. అతను నా భార్యకు తమ్ముడు. పందొమ్మిదేళ్ళు సరుకు ఓడల మీద వంటవాడిగా పనిచేశాడు. ఒక్కొక్క ఒప్పందం తొమ్మిది నెలలు, ఆ తరువాత మూడు నెలలు ఇల్లు. ఈ లెక్కన అతను పందొమ్మిదేళ్ళలో ఇంట్లో గడిపిన కాలం అయిదేళ్ళకు మూడు నెలలు తక్కువ. ఈ సంగతి నేను చెప్పినప్పుడు అతని భార్య అంకెల జోలికి పోలేదు.

"వొచ్చినప్పుడల్లా సుట్టానికి వడ్డించినట్టు అడిగడిగి వడ్డిస్తన్నాను. ఈయన కూరలో ఉప్పెంత తింతాడో నాకింకా తెల్దు" అన్నది.

ఆ జనవరిలో అతను దిగి వచ్చినప్పుడే విశాఖపట్నంలోని ఏజెంటు తరువాతి ఓడ గురించి చెప్పి పంపాడు. వస్తాడో రాడో మార్చి 31 సాయంత్రంలోగా తేల్చి చెప్పాలి. అతనికి యాభై నిండాయి. ఈ ఓడ వదులుకుంటే ఆ వయసు వంటవాడిని మళ్ళీ ఎవరూ పిలవరు. వదులుకోకపోతే ఇంట్లో చుట్టంగానే మిగిలిపోతాడు. ఇదీ అతని సమస్య.

ఓడలో శనివారం సాయంత్రాలు అతను చేసే వంటకం ఒకటి ఉండేది. పొడుగాటి బన్నును చీల్చి, పెనం మీద కాల్చిన కోడిమాంసం సాసేజీని అందులో పెట్టి, పైన ఉల్లిపాయ, ఆవాల సాసు వేసి ఇవ్వడం. నాలుగు దేశాల నావికులు డెక్కు మీద నిలబడి తినేవారట. మన ఊళ్ళో కూడా తింటారని అతని నమ్మకం. దాని అసలు పేరు హాట్ డాగ్. బోర్డు మీద కుక్క పేరు రాస్తే తాను బండి దగ్గరకే రానని నా భార్య ముందే చెప్పింది కనుక 'సాసేజ్ బన్ను' అని రాయించాము. విజయనగరంలో ఒక వెల్డరు బండి తయారు చేశాడు. సాసేజీలు విశాఖపట్నం నుంచి ఐసు పెట్టెలో పొద్దుటి బస్సుకు వచ్చేవి. అంత పొడుగు బన్నుల కోసం కొత్త రేకులు చేయించవలసి రావడంతో బేకరీ యజమాని రోజుకు వందకు తక్కువయితే పొయ్యి వెలిగించనన్నాడు.

నా వంతుకు రెండు పనులు వచ్చాయి. ఒకటి, ఎన్ని అమ్మితే ఆ కుటుంబం నిలబడుతుందో తేల్చడం. రెండు, బండి ఎక్కడ పెట్టాలో తేల్చడం. ముప్పై నాలుగేళ్ళు వంశధార ఒడ్డున నీటిమట్టం కొలిచి పైకి పంపే ఉద్యోగం చేసినవాడిని. నది కోపంగా ఉందని ఎవరైనా అంటే ఎన్ని మీటర్లని అడగడం నాకు అలవాటు. గ్యాసు, బన్ను, సాసేజీ, ఐసు, బస్సు కూలీ అన్నీ వేసి చూస్తే రోజుకు సగటున ఎనభై అమ్మాలని తేలింది. మార్చి 31 వరకు చూసి, సగటు ఎనభై ఉంటే ఓడ వద్దనాలి, తగ్గితే ఎక్కాలి. బావమరిది నా చేతిలో చేయి వేసి ఒప్పుకున్నాడు.

చోటు విషయంలో నేను తొందరపడలేదు. బస్సు కాంప్లెక్సు, సంత వీధి, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం గేటు, ఈ ఆసుపత్రి గేటు, ఒక్కొక్క చోట మూడు సాయంత్రాలు నిలబడి, వచ్చిపోయే మనుషులను లెక్కపెట్టి, అక్కడ అప్పటికే ఉన్న తినుబండారాల బండ్లతో భాగించాను. బండికి అత్యధిక జనం పడేది ఆసుపత్రి గేటు దగ్గరే. అక్కడ ఒక కొబ్బరి బొండాల బండి, ఒక పళ్ళ బండి, ఒక ఇడ్లీ బండి తప్ప మరేమీ లేవు. లోపల రోగులకు తోడుగా ఉన్నవారు సాయంత్రమయ్యేసరికి ఆకలితో బయటికి వస్తారు. ఈ లెక్కలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

మొదటి రోజు పదకొండు అమ్మాము. అందులో ఆరు చుట్టాలు కొన్నవి. రెండో రోజు తొమ్మిది. జనం రావడం లేదనలేను. వచ్చేవారు, బన్నును చూసేవారు, మా ముఖాలు చూసేవారు, ఇడ్లీ బండి వైపు వెళ్ళిపోయేవారు. తెల్లటి రొట్టె మధ్యలో ఆ పచ్చటి సాసు, అదీ ఆసుపత్రి గేటు ముందు, పసుపు రాసి కట్టు కట్టిన గాయంలా కనిపిస్తోందని ఒక ఆటో డ్రైవరు స్నేహపూర్వకంగానే చెప్పాడు.

కారణం ఫిబ్రవరి 27న, మంగళవారంనాడు తెలిసింది. కళింగపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బండి దగ్గర ఆగింది. చేపల వ్యాపారం చేసే మనిషి. భర్తకు కాలి ఆపరేషను అయి లోపల ఉన్నాడు.

"ఆ మద్దెలో గొట్టం తీసేసి రొట్టి ఒక్కటీ ఇయ్యి నాయినా" అన్నది.

రొట్టె ఒక్కటీ అమ్మబోమని, ఆమె భోజనం చేసిందా అని మా బావమరిది అడిగాడు. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదన్నది. అయితే ఇది తిని చూడమన్నాడు.

"నాకేటొచ్చిందని? బాగున్నోలు రొట్టి తింటే జొరాన్ని పేరెట్టి పిలిసినట్టు కాదేటి?"

నేను నాలుగు చోట్ల మనుషులను లెక్కపెట్టాను. రొట్టె జ్వరం వచ్చినవాడి తిండి అని పుట్టిన దగ్గర నుంచి నాకూ తెలుసు. మా అమ్మ నాకు పాలలో ముంచి పెట్టినది జ్వరం వచ్చినప్పుడే. కానీ అది ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశాను కాబోలు. ఆసుపత్రి ముందు రొట్టె అమ్మితే జనం దానిని లోపలివారి కోసమే కొంటారు. బయటివారు ఎందుకు తింటారు? ఆ వారంలో సాసేజీ తీసి ఇమ్మని అడిగి పట్టుకెళ్ళిన ఒట్టి బన్నులు ముప్పై ఏడు. మా బావమరిది కాదనలేక ఇచ్చాడు. నేను వాటిని అమ్మకంలో చేర్చలేదు.

మిగిలిన బన్నులన్నీ ఇంటికి చేరేవి. ఉదయం బన్ను ఉప్మా, మధ్యాహ్నం పప్పుచారులో నానబెట్టిన బన్ను, సాయంత్రం పక్కింటివారి ఆవు. నాలుగో రోజు నుంచి ఆవు కూడా ముఖం తిప్పుకున్నదని నా భార్య చెప్పింది. బావమరిది మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. ఓడలో ఇరవై రెండు మందికి వండేవాడినని, ఇక్కడ తినేవారు తగ్గినా గాలి బాగుందని అనేవాడు. అయితే మార్చి 4 ఉదయం నేను వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి అతని ఓడ సంచీ ఉతికి దండెం మీద ఆరవేసి ఉంది. అతని భార్య ఆ సంచీ వైపు వీపు పెట్టి బియ్యం ఏరుతోంది.

మార్చి 5తో పదమూడు రోజులు పూర్తయ్యాయి. మొత్తం నూట ఎనభై ఏడు. సగటు పద్నాలుగుకు కొంచెం పైన. ఆ రాత్రితో ఆవాల సాసు సీసాలు కూడా అయిపోయాయి. విశాఖపట్నం నుంచి మళ్ళీ తెప్పించడం దండగన్నాడు బావమరిది.

మరునాడు బుధవారం. ఆ రోజు మా ఇంట్లో ఆవ పెట్టిన అరటికాయ కూర. పచ్చి ఆవాలు, ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి, నీళ్ళు చిలకరించి నా భార్య ముద్దగా నూరింది. కూరకు పోగా గిన్నెడు మిగిలింది. "ఇదీ ఆవే గదేటి, సీసాలోదే కావాలా?" అని దానిలో నిమ్మకాయ పిండి, స్టీలు డబ్బాలో పెట్టి బండికి పంపింది. సాయంత్రం డబ్బా మూత తీయగానే బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

అయిదున్నరకు కళింగపట్నం ఆవిడ మామూలుగా ఒట్టి బన్ను కోసం వచ్చింది. వాసన పట్టింది. ఆవేనా అని అడిగి, చిటికెనవేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకున్నది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, బన్ను వైపు, సాసేజీ వైపు చాలాసేపు చూసింది. పథ్యం చేసేవాడికి మా ప్రాంతంలో మొట్టమొదట మాన్పించేది ఆవ. వంకాయ, గోంగూర ఆ తరువాతే.

"ఇది రోగికెడితే డాట్రుబాబు నన్ను గెంటేత్తాడు" అన్నది. తరువాత, "అయితే ఇది మా తిండే. నాకొకటియ్యి."

నిలబడే తిన్నది. సగంలో ఒకసారి ఆగి నెత్తి మీద తట్టుకున్నది. లోపలికి వెళ్ళి, అదే వార్డులో తోడుగా ఉన్న ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ముగ్గురికీ బండి గురించి ఆమే చెప్పింది. మేము నోరు మెదపవలసిన పని లేకపోయింది. ఆ రోజు అమ్మకం ముప్పై ఒకటి. గురువారం యాభై రెండు. శుక్రవారం శివరాత్రి కనుక బండి తీయలేదు. ఆ రోజును లెక్కలోకి తీసుకోలేదు. శనివారం డెబ్బై ఎనిమిది.

బోర్డు మీద ఏమి రాసి ఉన్నా జనం దానిని ఆవ రొట్టె అన్నారు. ఎచ్చెర్ల నుంచి విద్యార్థులు ఆటోల్లో వచ్చి, కన్నీళ్ళు రాకుండా ఎవరు పూర్తిచేస్తారని పందేలు కాసేవారు. ఆసుపత్రి సిబ్బంది డ్యూటీ దిగి వచ్చేవారు. ఇడ్లీ బండి అతను చట్నీలోకి అడిగి రెండు చెంచాలు పట్టుకెళ్ళాడు. మార్చి 23, శనివారంనాడు నూట నలభై ఆరు, అదే గరిష్ఠం. రోజుకు ముప్పావు కిలో ఆవాలు పట్టేవి. నూరే పని నా భార్య ఎవరికీ ఇవ్వలేదు. చిన్నపిల్లల కోసం ఘాటు కొంచెం తగ్గించమని తమ్ముడు బతిమాలితే, "తగ్గిత్తే మల్లీ జొరం రొట్టి అయిపోతాది, సూసుకో" అని నోరు మూయించింది.

మార్చి 30 రాత్రికి మొత్తం రెండు వేల ఏడు వందల నలభై అయిదు. బండి తీసిన రోజులు ముప్పై ఏడు. మరునాటితో ముప్పై ఎనిమిది. ఎనభై చొప్పున కావలసినది మూడు వేల నలభై. అంటే ఆదివారం ఒక్కరోజున రెండు వందల తొంభై అయిదు అమ్మాలి. ఈ అంకె నేను ఆదివారం ఉదయమే చెప్పాను. దాచడం నా చేత కాదు. మొదటి పదమూడు రోజులూ తీసివేయమని నా భార్య పట్టుబట్టింది. వరద తగ్గాక కొలిచి వరద రాలేదని రాయలేనని అన్నాను. ఆమె నాతో మాట్లాడడం మాని, బేకరీకి ఫోను చేసి మూడు వందల బన్నులు చెప్పింది.

ఆ సాయంత్రం జనం బాగానే ఉన్నారు. ఆరు గంటల నలభై నిమిషాలకు, తొంభై ఒకటోది కాలుతుండగా, బావమరిది ఫోను మోగింది. ఏజెంటు. అతని రెండు చేతులకూ ఆవ అంటుకుని ఉంది. నేను ఫోను తీసి అతని చెవికి ఆనించి పట్టుకున్నాను. అవతలి మాట నాకు వినబడుతూనే ఉంది: ఓడ పేరు, బయలుదేరే తేదీ, ఈసారి జీతం పెంపు. బన్ను తిప్పుతూ మొత్తం విన్నాడు.

"లేదండి. నాను రాను. ఇక్కడ జనం నిలబడున్నారు, ఉంటాను మరి" అన్నాడు.

ఇంకా లెక్క తేలలేదని నేను గుర్తుచేశాను.

"నువ్వు లెక్కెట్టుకో బావ. తక్కువొచ్చిందని ఓడెక్కితే ఆ తక్కువ పూడ్సీదెవుడు?" అన్నాడు, తొంభై రెండో బన్ను చీల్చుతూ.

క్యూలో మూడో మనిషి తన వంతు గురించి కేకవేశాడు. బావమరిది భార్య నా చేతిలో నుంచి ఫోను తీసుకుని నడుముకు దోపుకున్నది. ఉల్లిపాయలు అయిపోవచ్చాయని, కాస్త తరగమని నన్ను అడిగింది. తరిగాను.

ఏప్రిల్ 1, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు కాఫీ తాగుతూ మొత్తం వేశాను. చివరి రోజు అమ్మకం నూట ఇరవై ఆరు. మిగిలిన బన్నులు నూట డెబ్బై నాలుగు. బండి నడిచిన ముప్పై ఎనిమిది రోజులకు మొత్తం అమ్మకం రెండు వేల ఎనిమిది వందల డెబ్బై ఒకటి. సగటు డెబ్బై అయిదున్నర. అనుకున్నదానికి నూట అరవై తొమ్మిది తక్కువ.