కత్తిపీట దాచిన రోజు

చేపల బజారులో కత్తిపీట చూసినప్పుడల్లా నాకు ఉప్పెన వచ్చిన ఏడాది గుర్తొస్తుంది.

పామర్రు దగ్గర మా ఊరి చర్చికి నాన్నే సంఘపెద్ద. బురదలో దొరికిన నెలల పిల్లాణ్ణి చెరో పక్కా పట్టుకుని, నా బిడ్డంటే నా బిడ్డంటూ ఇద్దరు ఆడవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చారు. కత్తి తెప్పించి, బిడ్డను వదులుకున్నామే అసలు తల్లని చెప్పిన సొలొమోను రాజు తీర్పు సండేస్కూల్లో విన్నదాన్ని కదా, నాన్న పిల్లాణ్ణి రెండు ముక్కలు చేస్తారని భయపడి మా కత్తిపీటను గడ్డివాములో దాచేశాను.

నాన్న కత్తి అడగలేదు. "పిల్లాడు నలిగిపోతున్నాడు. ఎవరో ఒకరు వదలండమ్మా" అన్నారు.

ఒకామె వదిలింది. నాన్న ఆమే తల్లని తేల్చి, బిడ్డను ఆమె చేతుల్లోనే పెట్టారు. రెండో ఆమె తన ఖాళీ చేతులు చూసుకుంటూ వెళ్ళిపోయింది.

చివరి రోజుల్లో మంచం మీదున్న నాన్న ఉన్నట్టుండి నన్నడిగారు.

"తన బిడ్డ కాదని తెలిసి వదిలిందేమోనే, అమ్మాయీ?"