మా తాతను నరకానికి పంపింది నేనే

ఆ రోజుల్లోని నేను ఇప్పుడు నాకు దొరికితే, కాలరు పట్టుకుని రెండు చెంపలూ వాయిస్తాను. ఇరవై నాలుగేళ్ల వయసు. చంకలో బైబిలు, చెవిలో ఇయర్‌ఫోను. నోటికి మాత్రం మూత లేదు. ఆ నోటితోనే ఒక ఆదివారం పొద్దున, చెరువు గట్టు మీద, సంఘమంతా చూస్తుండగా మా తాతను నరకంలో వేశాను. సరిగ్గానే చదివారు, సొంత తాతనే. చనిపోయి అప్పటికి పది నెలలు. ఆయన మానాన ఆయన ఎక్కడో ఉంటే, మధ్యలో నేను పోయి కదిలించాను.

ముందు తాత సంగతి చెప్పాలి. పేరు కొమురయ్య. పాలకుర్తి దగ్గర మా ఊళ్లో రెండెకరాల పత్తి. జన్మలో చర్చి లోపలికి అడుగు పెట్టలేదు. కానీ ప్రతి ఆదివారం మా అవ్వను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని చర్చికి తెచ్చేవాడు. ఆమె లోపల పాటలు పాడుతుంటే, ఈయన బయట గోడ నీడన బీడీ కాలుస్తూ, లోపలికి పోయినవాళ్ల చెప్పులు కుక్కలు ఎత్తుకుపోకుండా కాపలా కాసేవాడు. మా సంఘంలో ఏనాడూ ఒక్క చెప్పు పోలేదంటే అది ఆ అవిశ్వాసి చేసిన పరిచర్యే. నాకు ఆరేళ్లప్పుడు జ్వరం తలకెక్కి ఫిట్స్ వస్తే, భుజాన వేసుకుని ఉరికి, దొరికిన ట్రాక్టరెక్కించి జనగామ దవాఖానకు చేర్చింది కూడా ఆయనే.

మా అవ్వ ఎల్లవ్వ అన్నేళ్లు చర్చికి వచ్చినా బాప్తీస్మం మాత్రం తీసుకోలేదు. ఎవరడిగినా ఒకటే జవాబు: “ఆయన రాని తావుకు నేనొక్కదాన్నే ఎట్ల పోత?”

తాత పోయాక నేను రంగంలో దిగాను. ఒకనాడు ఇద్దరం మక్కజొన్న కంకులు ఒలుస్తూ కూర్చున్నాం.

“అవ్వా, బాప్తీస్మం తీస్కో. పరలోకంల తాతను కలుస్తవు.”

“నిజమేనారా?”

“నిజం.”

“బైబిల్ల ఉన్నదా గామాట?”

“ఉన్నది.”

ఎక్కడున్నదో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అవ్వకు చదువు రాదు, నాకు సిగ్గు రాదు. ఆ రాత్రే తెల్లచీర ఒకటి తీసి తలగడ కింద పెట్టుకుంది.

ఇక్కడ రెండో పిడుగు వస్తాడు. పేరు స్తెఫను, మహబూబాబాద్ వాడు, మా పాస్టరు గారి బావమరిది. అతని చేతిలో సులభ భాషలో వచ్చిన కొత్త తర్జుమా ఉండేది. నాది పాత తర్జుమా. అందులో సగం మాటలు నాకే అర్థం కావు. అర్థం కాకపోవడమే పవిత్రత అని నా గట్టి నమ్మకం. అతనిదేమో చదువుతుంటే పక్కింటావిడ ముచ్చట పెట్టినట్టుంటుంది. అది నాకు మంట. అంతకన్నా పెద్ద మంట ఇంకోటుంది. నరకశిక్షకు ముగింపు ఉందనీ, చివరికి అందరికీ రక్షణేననీ అతనంటాడు. ముగింపు లేదని నేనంటాను. వాట్సాప్ గ్రూపులో మూడు నెలలు తన్నుకున్నాం. ఆ దెబ్బకు పదిమంది గ్రూపులోంచి వెళ్లిపోయారు, ఒకాయన సంఘంలోంచే వెళ్లిపోయాడు. మేం మాత్రం కదల్లేదు.

ఆ ఆదివారం డిసెంబరు చలి. చెరువు మీద ఇంకా పొగమంచు. నడుములోతు నీళ్లలో పాస్టరు గారు, ఆయన పక్కన తెల్లబట్టల్లో ఐదుగురు. అందరికన్నా ముందు మా అవ్వ. పాస్టరు గారు భూపాలపల్లి బొగ్గు గనిలో చేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. గట్టు మీదున్న నన్ను చూసి, “తమ్మీ, రెండు మాటలు చెప్పు, కానిచ్చేద్దాం” అన్నారు.

మాటలు చెప్పమన్నది వినబడింది. రెండే అన్నది వినబడలేదు.

మొదలుపెట్టాను. పాపం, తీర్పు, అగ్నిగుండం, అందులో నిత్యం కాలడం. చేతులూపాను, గొంతు పెంచాను. గట్టు రెండో చివర నుంచి స్తెఫను లేచాడు.

“ఆగన్న. నిత్యమని నీ పుస్తకంల రాసిన్రు. అసలు రాసింది గ్రీకుల. గండ్ల గామాటకు కొంత కాలమనే అర్థం.”

“నీకు గ్రీకొస్తదా?”

“నీకొస్తదా?”

“మా గురువు వీడియోల చెప్పిండు.”

“మా గురువు గూడ వీడియోల్నే చెప్పిండు. మీ ఆయన కంటె లైకులెక్కువ.”

“లైకులెక్కువొస్తె నరకం ఆరిపోతదా?”

నీళ్లలోంచి పాస్టరు గారు, “తమ్మీ, నీళ్లు సల్లగున్నయ్” అన్నారు.

“ఒక్క నిమిషం అయ్యగారూ! సత్యం తేలాలె!”

సత్యం తేలేదాకా మునగాల్సినవాళ్లు ఆగారు. మేమిద్దరం గట్టు మీద నిలబడి అగ్ని ఎంతకాలం మండుతుందో తేల్చుకుంటుంటే, ఐదుగురు మనుషులు చన్నీళ్లలో పళ్లు పటపటలాడిస్తూ నిలబడ్డారు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

అప్పుడు స్తెఫను తన అస్త్రం తీశాడు. “సరే అన్న. మీ తాత మంచోడు. బాప్తీస్మం లేదు. మీ తాత గూడ మంటల్నేనా? నిత్యమేనా? చెప్పు మరి!”

అందరూ నా వైపు తిరిగారు. ఒక్క క్షణం నోరు మూసుకుని ఉంటే పోయేది. కానీ గెలుపు నాలుక చివర నిలబడి గంతులేస్తోంది.

“మా తాతయినా సరే! వాక్యం ముందట సుట్టరికం లేదు! నిత్యమే!”

అలవాటు కొద్దీ ఇద్దరు “ఆమేన్” అన్నారు.

“ఏమన్నవురా?”

నీళ్లలోంచి అవ్వ.

“అవ్వా, అది... వాక్యం ప్రకారం...”

“తాతను కలుస్తవని చెప్తివి గదరా, మక్కలొలిసిన్నాడు?”

“చెప్పిన...”

“ఇప్పుడేమొ మంటల ఉన్నడంటున్నవు. గప్పటిది అబద్దమా, గిప్పటిదా?”

ఆ ప్రశ్నకు పాత తర్జుమాలో జవాబు లేదు, కొత్త తర్జుమాలో లేదు, మాకు రాని గ్రీకులోనూ లేదు.

అవ్వ పాస్టరు వైపు తిరిగింది. “సారూ, నేను గీ నీళ్లల్ల మునిగితె మీదికి పోత, ఆయన కిందనే ఉంటడు. గంతేనా? అట్లయితె నాకొద్దు.” ఆయన నోరు తెరిచేలోపే గట్టుకేసి నడిచింది. నేను చెయ్యందించబోతే విసిరికొట్టింది.

“నిన్ను భుజానేసుకొని దవాఖానకు ఉరికినోడురా గాయన! గప్పుడే నిన్ను తొవ్వల దించిపోతె, గియ్యాల నాకీ పీడ లేకపోవు!”

స్తెఫను ఇదే అదనని పరుగెత్తుకొచ్చాడు. “అవ్వా, నువ్వు పరేషాన్ గాకు. మా లెక్కల తాతకు శిక్ష కొన్నొద్దులే, అటెన్క ఇడిచిపెడ్తరు!”

“కొన్నొద్దులెందుకురా?” అవ్వ అతని మీదికి తిరిగింది. “ఏం తప్పు చేసిండని కొన్నొద్దులు? మీ అక్క చెప్పులు కాసినందుకా?”

ఇంతలో నీళ్లలోని ఇంకొకాయన, “సారూ, మా నాయిన గూడ బాప్తీస్మం తీస్కోలే...” అంటూ గట్టెక్కాడు. ఆయన వెనక మిగతా ముగ్గురు. చనిపోయినవాళ్లు లేని ఇల్లెక్కడుంది? చివరికి చెరువులో పాస్టరు గారొక్కరే మిగిలారు. ఆయనకా బాప్తీస్మం ఎప్పుడో అయిపోయింది.

ఆ వారం ఊళ్లో నా బతుకు ఏం చెప్పను? హోటలు దగ్గర ఒకాయన, “మా మేనమామ ఆచూకీ ఏమన్న తెలుసునా?” అన్నాడు. ఇంకో ముసలాయన నా చెయ్యి పట్టుకుని, “నా పేరు గూడ రాసి పెట్టుకున్నవా బిడ్డా? జర నీడ పట్టున చూడు” అన్నాడు. అవన్నీ భరించాను. భరించలేనిది ఇంట్లో అవ్వ మౌనం. తెల్లచీర ఉతికి, ఆరేసి, మడిచి, పెట్టె అడుగున పడేసింది. నాకు అన్నం పెట్టేది గాని నా మొహం చూసేది కాదు. రాత్రి తాత ఫోటో ముందు కూర్చుని, “కలుస్తనంట, కలువనంట” అని గొణుక్కునేది. ఆమెకున్నది ఆ ఒక్క ఆశ. నేనే ఇచ్చి నేనే లాక్కున్నాను.

శనివారం పాస్టరు గారు మా ఇద్దరినీ వెంటబెట్టుకుని అవ్వ ముందుకొచ్చారు. అవ్వ సూటిగా అడిగింది.

“సారూ, ఆయన యాడున్నడు?”

స్తెఫను, నేను పాస్టరు గారి నోటివంకే చూశాం. సిగ్గులేదు చూడండి, అప్పుడు కూడా ఎవరు గెలుస్తారా అనే!

“నాకు తెల్వదవ్వా” అన్నారు పాస్టరు గారు.

“పాస్టరువు, నీకు తెల్వదా?”

“గనిల టోపీ లైటు పడ్డంత మేరకే కనిపిస్తది. అవతల ఏమున్నదో చూసినట్టు చెప్పెటోని మాట మేం నమ్మకపోయేది. కొమురన్న దేవుని చేతుల్ల ఉన్నడు. దేవుడు నాకంటె మంచోడు. నాకు తెలిసింది గంతే.”

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

“గీ మాట వీడెందుకు చెప్పలే?”

“వీనికి తెల్వదని వీనికి తెల్వదవ్వా.”

“సరే, రేపే మునుగుత. తెల్వదన్నోని చేతులనే మునుగుత. గాని వీళ్లిద్దరు గట్టు మీద ఉండొద్దు. మాతోని నీళ్లల్ల నిలబడాలె. నోరు తెరవొద్దు.”

మర్నాడు పొద్దున మిగతా నలుగురూ తిరిగొచ్చారు, పాస్టరు గారితో కలిపి చెరువులో ఎనిమిది మందిమి. చలికి నా దవడలు వాటంతట అవే కొట్టుకుంటుంటే, స్తెఫను పెదాలు నీలంగా మారాయి. నిత్యం అంటే ఎంతసేపో ఆ అరగంటలో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. పాస్టరు గారు, “పూర్ణహృదయంతో విశ్వసిస్తున్నవా?” అని అడిగారు.

“దేవున్ని నమ్ముతున్న. వీన్ని నమ్మను” అంది అవ్వ. మునిగింది. లేచింది. గట్టున పాట అందుకున్నారు. నీళ్లు కారుతూ గట్టెక్కి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. క్షమించిందనుకుని కన్నీళ్లతో తల వంచాను. చెంప పేలిపోయింది.

పాస్టరు గారు నెత్తి పట్టుకున్నారు. “అయ్యో అవ్వా! గా కొట్టేదేదో ముందే కొడితె, గా పాపం గూడ నీళ్లల్ల కడిగేద్దుం గదా!”

“నాకెరుకే సారూ” అంది అవ్వ చీర పిండుకుంటూ. “ముందుగాల కొట్టి మునిగితె కోపం గూడ కొట్టుకపోతదని ఆగిన. ఆయన తరఫున గీ కోపం నాకు ఉండాలె.”

అందువల్ల పాఠకులారా, ఇప్పటికీ మండుతున్న ఎడమ చెంప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంత కాలం నేను ఎవరినీ, శత్రువునైనా సరే, నరకానికి పంపను. చచ్చినవాళ్లు ఎక్కడున్నారని ఎవరడిగినా తెలియదనే చెబుతాను. ఆ మాట ఏ తర్జుమాలో చెప్పినా చెంప క్షేమం.