గుండె గడియారం కాదన్న మాస్టారు

మా పక్కింటి మాస్టారు పోయారు. ఆదివారం రేపల్లె వెళ్లి పిల్లలకు పాఠం చెప్పి, సాయంత్రం రైలుకు తెనాలి తిరిగొచ్చి, ఆ రాత్రి నిద్రలోనే కన్నుమూశారు. ఆయన్ని ఇంకా వాకిట్లో పడుకోబెట్టి ఉండగానే ఒకాయన, "గుండె లెక్కలు కట్టీ కట్టీ ఆ గుండె ఆగే పోయాడు. ఏంటి లాభం?" అన్నాడు. ఇంకొకాయన నా వైపు చూసి, "వద్దని చెప్పకుండా టిఫిన్ కట్టిచ్చి పంపేవాళ్లుంటే ఇంతే" అన్నాడు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

మాస్టారు బాపట్లలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే ఛాతీకి ఒక పట్టీ కట్టుకుని కదలకుండా కూర్చునేవారు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందో అది ఫోనుకు పంపేది. ఫోనులో అవన్నీ చుక్కలుగా పడేవి. చుక్కలు విశాలంగా పరుచుకుంటే మేలట, ఒకచోట ముద్దకడితే గుండె అలిసినట్టట.

"సమంగా కొట్టుకుంటేనే కదండీ మంచిది?" అన్నాను.

"గుండె గడియారం కాదు చెల్లెమ్మా. ఊపిరి పీలిస్తే తొందరపడుద్ది, వదిలితే నిదానిస్తుంది. ఆ తేడా ఉండాలి."

ఒకసారి నన్నూ ఆ పట్టీ కట్టుకు రమ్మన్నారు. తస్బీ పూసలు తిప్పుతూ అల్లా పేరు తలుచుకుంటుంటే చుక్కలు బాగా విచ్చుకున్నాయి. "మీ దేవుడు నాకు కనపడడు గానీ, నువ్వు ఊపిరి వదిలే తీరు కనపడుతోంది" అన్నారు.

"మీ లెక్కలో పట్టేంత చిన్నవాడా మాస్టారూ ఆయన?"

పగలబడి నవ్వారు.

పోయినేడాది నుంచి ఆయన చుక్కలు దగ్గరపడ్డాయి. బాపట్ల నుంచి కొడుకొచ్చి, "ముద్దవుతున్నాయి చూడు నాన్నా. ఆ రేపల్లె పాఠాలు ఆపి మా ఇంట్లో కూర్చో" అన్నాడు.

"వీటిని చదవడం నీకు నేర్పింది నేనేరా. వయసు పైబడితే మామూలుగా అందరివీ దగ్గరపడతాయి. అది గుంపు మొత్తం మీద తేలే సంగతి. రేపల్లె రైలెక్కేది నేను." నా వైపు తిరిగారు. "నువ్వేమంటావు చెల్లెమ్మా?"

"ఇడ్లీ కట్టమంటారా, ఉప్మానా?" అన్నాను.

పాఠం చెప్పొచ్చిన మర్నాడు చుక్కలు కాస్త విచ్చుకునేవి. నేను సంబరపడితే, "ఒక్క మనిషి లెక్కతో ఏదీ తేలదమ్మా" అని ఆయనే ఆపేవారు. వెళ్లడం మాత్రం ఆపలేదు.

లాభమేంటని అడిగినాయనకు చెబుతున్నాను. చావు రాకుండా లెక్క కట్టారని ఎవరన్నారు? తన గుండె రోజుకోలా కొట్టుకోవడం చూడటం ఆయనకు ఇష్టం. ఇంట్లో కూర్చోబెడితే ఇంకొన్నాళ్లు ఉండేవారేమో, దేవుడికి తెలుసు. ఆ ఆదివారం మళ్లీ వచ్చినా నేను టిఫిన్ కట్టే ఇస్తాను.

ఆ పొద్దున ఆయన ఉతికి ఆరేసి వెళ్లిన పట్టీ రెండిళ్ల మధ్య తీగ మీద ఇంకా ఉంది. తీసేయమన్నారు. తీయలేదు. గాలొస్తే ఊగుతుంది, ఒకసారి గబగబా, ఒకసారి నిదానంగా.